తిరగకున్నా చెడే సరకు: ఖరీదైన పాత కార్ల రబ్బరు బుష్షులు

బుక్కరాయసముద్రం: వేరుశెనగ మూట విప్పగానే వర్తకుడు గుప్పెడు కాయలు తీసి, ఒలిచి, ఒక పప్పు నోట వేసుకుంటాడు. ఆ వెంటనే అది ఏ పంట కాలపు కాయో అడుగుతాడు. తేమ ఎంత, పొల్లు ఎంత అన్నవి ఆ తరువాతి మాటలు. చూపుకు ఎంత నిగనిగలాడినా నిరుటి పప్పుకు ఈ ఏటి ధారణ పలకదు. కనరు తగిలిన పప్పయితే బేరమే వేరు. అనంతపురం జిల్లా మెట్ట నేలల మీద వేరుశెనగ వ్యాపారం చేసినవారెవరికీ ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

మోటారు విడిభాగాల కొట్టులో మాత్రం ఈ జాగ్రత్త అంతగా కానరాదు. పెట్టె విప్పలేదు, సీలు తీయలేదు, బండికి బిగించలేదు కనుక సరకు కొత్తదేనని అమ్మేవారూ కొనేవారూ భావిస్తారు. ఇనుప సామానుకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. రబ్బరుకు సరిపోదు. రబ్బరు తయారైన రోజునుంచే వయసు లెక్కించవలసిన సరకు. వేరుశెనగ పప్పు ఎలా పాడవుతుందో రబ్బరు కూడా ఇంచుమించు అదే దారిలో పాడవుతుంది. ఈ ఒక్క విషయం తెలియక పాత కార్ల వ్యాపారంలోనూ, విడిభాగాల నిల్వలలోనూ పెట్టుబడి నష్టపోయే అవకాశం ఎక్కువ.

బేరంలో మోసం చేసే అంకె

సెకండ్ హ్యాండ్ కార్ల బేరంలో మీటరు అంకెకు ఉన్న విలువ మరి దేనికీ లేదు. పదిహేనేళ్ళ వయసున్న ఖరీదైన విదేశీ కంపెనీ కారు నలభై వేల కిలోమీటర్లే తిరిగిందంటే కొనేవారు ఎగబడతారు. ఇంజన్ బాగుంటుంది, సీట్లు బాగుంటాయి, రంగు చెక్కు చెదరదు. కాని కొన్న కొద్ది రోజులకే గతుకుల మీద ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడు మొదలవుతుంది. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. మెకానిక్ కిందకు దూరి చూస్తే లోయర్ ఆర్మ్ బుష్షులు నిలువునా చీలి ఉంటాయి.

అంత తక్కువ తిరిగిన బండికి ఇంత త్వరగా బుష్షులు పోవడమేమిటని కొన్నవారు వాపోతారు. అమ్మినవారి మీద అనుమానం, మీటరు వెనక్కు తిప్పారన్న తగవు వస్తాయి. చాలా సందర్భాలలో మీటరు తప్పు ఏమీ ఉండదు. రబ్బరు కిలోమీటర్లను బట్టి కంటే ఏళ్ళను బట్టి, ఎండను బట్టి ఎక్కువగా చెడుతుంది. తక్కువ తిరగడం ఇంజనుకు మేలు చేసి ఉండవచ్చు. బుష్షుకు అది ఒరగబెట్టింది స్వల్పమే.

బుష్షు చేసే పని

కారు చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ప్రతి ఆర్మ్ చివరా ఇనుప గొట్టం లోపల రబ్బరు, దాని మధ్య మరొక ఇనుప గొట్టం ఉంటాయి. ఇదే బుష్షు. గతుకు తగిలినప్పుడు ఆర్మ్ కదలడానికి రబ్బరు మెలిపడి వీలు కల్పిస్తుంది. రోడ్డు అదురును బాడీకి చేరనీయదు. ఇనుము మీద ఇనుము రాయదు కనుక గ్రీజు అవసరం లేదు. రబ్బరును ఇనుముకు అతికించి లేదా నొక్కి బిగించి చేసే ఇటువంటి బుష్షులు 1920వ దశకంలో ఫ్రాన్సులో 'సైలెంట్‌బ్లాక్' పేరుతో ప్రచారంలోకి వచ్చాయి. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1931లో ఇంజనును రబ్బరు మౌంటింగుల మీద నిలిపే పద్ధతిని 'ఫ్లోటింగ్ పవర్' అన్న పేరుతో ప్లిమత్ కార్లలో ప్రవేశపెట్టింది. కారు ప్రయాణంలో నిశ్శబ్దానికి గిరాకీ పెరిగే కొద్దీ కారు కింద రబ్బరు పెరుగుతూ వచ్చింది.

పప్పుకు కనరు, రబ్బరుకు పగులు

చెట్టు పాల నుంచి తీసే సహజ రబ్బరు చాలా పొడవైన గొలుసు వంటి పదార్థం. ఆ గొలుసులోని ప్రతి కొక్కెంలోనూ రసాయన శాస్త్రజ్ఞులు ద్విబంధం అని పిలిచే ఒక బలహీనమైన చోటు ఉంటుంది. వేరుశెనగ నూనెలోనూ ఇటువంటి ద్విబంధాలే ఉన్నాయి. గాలిలోని ప్రాణవాయువు ఆ చోటును పట్టుకుని పదార్థాన్ని మార్చివేస్తుంది. నూనెలో ఆ మార్పునే కనరు వాసన అంటున్నాము. రబ్బరులో అదే మార్పు గొలుసులను తెంచుతుంది, లేదా ఒక గొలుసును మరొక గొలుసుకు అతికిస్తుంది. తెగితే రబ్బరు మెత్తబడి జిగురు దేలుతుంది. అతుక్కుంటే గట్టిపడి పెళుసుబారుతుంది. పాత బుష్షులలో ఈ రెండూ కనిపిస్తాయి.

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరచే పద్ధతి కనిపెట్టినప్పటి నుంచి రబ్బరు పరిశ్రమ నిలదొక్కుకుంది. కాని ఆ గంధకం రబ్బరులోని బలహీనమైన చోట్లలో కొద్దింటినే కట్టివేస్తుంది; మిగిలినవి అలాగే తెరచి ఉంటాయి. పైగా వేడి తగులుతూ ఉంటే గంధకం పని ఫ్యాక్టరీతో ఆగదు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా సాగుతూ రబ్బరును ఇంకా బిగదీస్తుంది. రాగి, మాంగనీసు లేశమాత్రం తగిలినా ఈ చెడు మరింత వేగంగా జరుగుతుందని రబ్బరు పరిశ్రమలో అందరికీ తెలిసిన విషయం.

ప్రాణవాయువు కంటే కఠినమైన శత్రువు ఓజోను. వాహనాల పొగ మీద ఎండ పడినప్పుడు నేల దగ్గరి గాలిలో అది పుడుతుంది. వంద కోట్ల పాళ్ళ గాలిలో కొన్ని పదుల పాళ్ళు ఉన్నా చాలు, సాగి ఉన్న రబ్బరును అది కోసివేస్తుంది. పగులు ఎప్పుడూ సాగిన దిక్కుకు అడ్డంగా వస్తుంది. లాగకుండా ఉంచిన రబ్బరు మీద ఓజోను ప్రభావం పైపొరతో ఆగుతుంది. బండికి బిగించిన బుష్షు మాత్రం నడిచినా నిలిచినా బండి బరువుకు ఒక వైపు నలిగి, మరొక వైపు సాగి ఉంటుంది. షెడ్డులో ఏళ్ళ తరబడి నిలిపి ఉంచిన కారు బుష్షులు కూడా పగలడానికి ఇదే కారణం.

దీనిని అరికట్టడానికి తయారీదారులు రబ్బరులో మైనం, కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి మెల్లగా పైకి తేలి పొరగా ఏర్పడి ఓజోనును అడ్డుకుంటాయి. కొత్త బుష్షు మీద కనిపించే బూడిద రంగు పూత ఈ మైనమే కావచ్చు. దానిని చూసి సరకు పాతదని తిరగగొట్టడం పొరపాటు; పెట్రోలుతో తుడిచి నిగనిగలాడించి అమ్మడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇక ఆ రసాయనాల నిల్వ అపారం కాదు. పైకి తేలినది గాలికి పోయి, లోపలిది అయిపోయిన తరువాత రబ్బరుకు రక్షణ ఉండదు.

ఈ రసాయనాలలో ముఖ్యమైన '6పీపీడీ' మీద ఇటీవలి కాలంలో కొత్త ప్రశ్న తలెత్తింది. టైర్ల పొడిలోని ఈ పదార్థం ఓజోనుతో కలిసి మారిన రూపంలో అమెరికా పశ్చిమ తీరపు కోహో సాల్మన్ చేపలను చంపుతున్నదని 2020లో పరిశోధకులు వెల్లడించారు. అప్పటి నుంచి దానికి బదులు సరకు కోసం అన్వేషణ సాగుతోంది. రబ్బరు రసాయనాల వ్యాపారంలో ఉన్నవారు గమనించదగిన పరిణామమిది.

ఖరీదైన కారుకే ఎందుకు?

అంబాసిడర్ కారుకు ముందు టార్షన్ బార్, వెనుక కమాను కట్టలు. కింద ఉన్న రబ్బరు ముక్కలు కొద్ది. అవి పోయినా కొద్దిపాటి ఖర్చుతో ఊళ్ళోనే మార్చుకోవచ్చు. ఖరీదైన కార్ల సంగతి అది కాదు. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 1982లో తన 190 మోడల్‌తో వెనుక చక్రాలకు ఒక్కొక్కదానికి అయిదేసి లింకులు అమర్చే పద్ధతి తెచ్చింది. అదే కంపెనీ ఇ-క్లాస్ కార్లను పూణే వద్ద 1995లో కూర్చడం మొదలుపెట్టింది. ఆ తొలి తరం కార్లకు ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు దాటాయి. లింకులు పెరిగితే బుష్షులు పెరుగుతాయి. ఒక్కటి పోతే దాని బరువు పక్కవాటి మీద పడి అవీ వెంటనే పోతాయి.

రెండవది మెత్తదనం. లోపల కూర్చున్నవారికి రోడ్డు చప్పుడు వినిపించకూడదన్న పట్టుదలతో ఈ కార్లకు మెత్తటి రబ్బరు వాడతారు. పెద్ద కార్లు పద్దెనిమిది వందల కిలోలకు పైన తూగుతాయి. మెత్తటి రబ్బరు మీద ఎక్కువ బరువు పడితే మెలి ఎక్కువ, లోపల పుట్టే వేడి ఎక్కువ. కొన్నింటిలో బుష్షు లోపల గ్లైకాల్ ద్రవం నింపి ఉంచుతారు. రబ్బరు గోడ చిట్లితే ఆ ద్రవం కారిపోయి చుట్టూ నల్లటి తడి మరక మిగులుతుంది. అటువంటి బుష్షు పైకి పగుళ్ళు లేకపోయినా పనికిరాదు.

మూడవది గాలి సస్పెన్షన్. కాడిలాక్ కంపెనీ 1957లో ఎల్డొరాడో బ్రౌమ్ కారుకు గాలి నింపిన రబ్బరు బెలోలు అమర్చింది. గాలి కారే బాధ పడలేక చాలామంది యజమానులు వాటిని తీసివేసి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. మెర్సిడెస్ 600 మోడల్ 1963లో, తరువాత 1998 నాటి ఎస్-క్లాస్ కారు గాలి మీదనే నడిచాయి. బెలో మడత పడే చోట రబ్బరు రోజూ ముడుచుకుని విచ్చుకుంటుంది. పగులు అక్కడే మొదలవుతుంది. రాత్రి సమంగా నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక మూలకు కుంగి ఉంటే బెలో కారుతున్నట్లు. దానిని అలక్ష్యం చేస్తే గాలి నింపే కంప్రెసర్ విడవకుండా తిరిగి కాలిపోతుంది. అప్పుడు ఒక రిపేరు రెండవుతుంది.

ఇంజన్ ఆయిలు కారడం మరొక ముప్పు. సహజ రబ్బరు ఖనిజ నూనెను పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది. పాత ఇంజన్ కింద నూనె చుక్కలు పడే చోట ఉన్న మౌంటింగు, బుష్షు ముందుగా పోవడానికి ఇదే కారణం.

మెట్ట ఎండ పెంచే వయసు

బుక్కరాయసముద్రం, అనంతపురం పట్టణం మధ్య ఉన్నది విజయనగర కాలపు చెరువు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఈ జిల్లాలో అది నిండే ఏళ్ళ కంటే ఎండే ఏళ్ళే పెద్దలకు ఎక్కువ గుర్తు. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఎండకు కాగిన తారు రోడ్డు అరవై డిగ్రీలకు చేరగలదు. దాని మీద నిలిపిన బండి కింద రబ్బరు పడే బాధ ఊహించవచ్చు.

రసాయన చర్యలకు సంబంధించి ఒక స్థూలమైన లెక్క ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే చెడే వేగం సుమారు రెట్టింపవుతుంది. ఇరవై అయిదు డిగ్రీల చోట ఉన్న రబ్బరుతో పోలిస్తే నలభై అయిదు డిగ్రీల చోట ఉన్నది నాలుగింతల వేగంతో ముసలిదవుతుంది. చలి దేశంలో పన్నెండేళ్ళు నిలిచిన బుష్షు ఇక్కడ అంతకాలం నిలుస్తుందని అనుకోవడానికి వీలులేదు.

దీనికి దుమ్ము తోడు. తాడిపత్రి వైపు సిమెంటు, గ్రానైటు లారీలు తిరిగే రోడ్లలో దుమ్ముకు కరువు లేదు. బాల్ జాయింట్ మీద ఉండే రబ్బరు తొడుగు పగిలిందంటే సన్నటి ఇసుక గ్రీజులో కలిసి లోపలి ఇనుమును ఆకురాయిలా అరగదీస్తుంది. చవకైన తొడుగు పోవడం వల్ల ఖరీదైన జాయింటు పోతుంది.

పెట్టెలో ఉన్నా ఆగని కాలం

ఈ వేడి లెక్క బండికే కాదు, గిడ్డంగికీ వర్తిస్తుంది. రబ్బరు సరకు నిల్వ గురించి 'ఐఎస్ఓ 2230' అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం సహజ రబ్బరు, ఎస్‌బీఆర్ రకాలకు నిల్వ కాలం అయిదేళ్ళు. నైట్రైల్, క్లోరోప్రీన్ రకాలకు ఏడేళ్ళు. ఈపీడీఎం, సిలికోన్ రకాలకు పదేళ్ళు. గడువు దాటినదానిని పరీక్షించి మరికొంత కాలం ఉంచవచ్చు. కాని ఈ లెక్క అంతా చల్లగా, ఇరవై అయిదు డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా, సాగదీయకుండా ఉంచిన సరకుకే.

రేకుల షెడ్డులో అటక మీద పేర్చిన పెట్టెలకు ఆ అయిదేళ్ళు దక్కవు. పైన చెప్పిన లెక్కన ఏడాది పొడుగునా నలభై అయిదు డిగ్రీలుంటే అయిదేళ్ళ కాలం పదిహేను నెలలకు దిగుతుంది. ఏడాది అంతా అంత వేడి ఉండదు కనుక వాస్తవ నష్టం అంతకంటే తక్కువే. అయినా వేసవి తరువాత వేసవి గడచిన నిల్వను కొత్త సరకుగా లెక్కలో చూపడం వర్తకుడు తనను తాను మోసగించుకోవడమే. పక్కనే వెల్డింగు షెడ్డు గాని, నిప్పురవ్వలు రాల్చే మోటారు గాని ఉంటే ఓజోను బాధ అదనం. బెలోలను, బెల్టులను మేకుకు వేలాడదీయడం కూడా మంచిది కాదు. వేలాడే చోట రబ్బరు సాగి, అక్కడే పగులుతుంది.

కొట్టాయం ధారణ, బుష్షు ధర

కొట్టాయం మార్కెట్టులో రబ్బరు ధారణ పెరిగిందంటే బుష్షుల ధర పెరుగుతుందని, తగ్గితే తగ్గుతుందని నిల్వలు పెంచేవారూ ఆపేవారూ ఉన్నారు. ఈ లెక్క సరి చూసుకోవలసి ఉంది. ఆర్‌ఎస్‌ఎస్-4 రకం 2011 ఏప్రిల్‌లో కిలో 240 రూపాయలు దాటి, 2016 తొలి నెలల్లో నూరు రూపాయల దిగువకు జారి, 2024 ఆగస్టులో 2011 నాటి గరిష్ఠాన్ని మించింది. ఆకు రాలే ఫిబ్రవరి-ఏప్రిల్ నెలల్లోనూ, గట్టి వానల్లోనూ పాలు తీయడం మందగించి సరకు రాక తగ్గుతుంది. అక్టోబరు నుంచి జనవరి వరకు రాక అధికం. దేశంలోని సహజ రబ్బరులో సింహభాగం టైర్లకే పోతుంది కనుక ఈ ఎగుడుదిగుళ్ళు టైర్ల వ్యాపారాన్ని నేరుగా తాకుతాయి.

బుష్షు లెక్క వేరు. ఒక బుష్షులో రెండు వందల గ్రాముల రబ్బరు ఉన్నదనుకుంటే, కిలో రెండు వందల వంతున దాని ఖరీదు నలభై రూపాయలు. ధారణ పాతిక శాతం పెరిగితే పెరిగేది పది రూపాయలు. విదేశీ కారు బుష్షుకు వేలలో చెల్లించే ధరలో అచ్చు, ఇనుముకు రబ్బరును అతికించే పని, పరీక్షలు, రవాణా, సుంకం, కంపెనీ పేరు కలిసి ఉన్నాయి. ఆ ధర పెరుగుతుందన్న ఆశతో రెండు మూడేళ్ళ సరకు ముందే కొని పెట్టుకుంటే ధరలో వచ్చే లాభం కంటే వయసులో పోయే విలువ ఎక్కువ.

బదులు సరకు

పాలీయూరిథేన్ బుష్షులు ఓజోనుకు, నూనెకు రబ్బరు కంటే బాగా తట్టుకుంటాయి. కాని అవి గట్టివి. అదురును అంతగా మింగవు. కొన్నింటికి గ్రీజు పెట్టకపోతే కీచుమంటాయి. నిశ్శబ్దం కోసమే ఖరీదైన కారు కొన్నవారికి ఇవి నచ్చకపోవచ్చు. తలుపుల అంచులకు, రేడియేటర్ గొట్టాలకు వాడే ఈపీడీఎం రబ్బరుకు ఓజోను బాధ లేకున్నా, పదేపదే మెలిపడే చోట సహజ రబ్బరుకు ఉన్న సత్తువ దానికి లేదు. అందుచేత బుష్షుల పనికి నేటికీ సహజ రబ్బరుదే పైచేయి.

వర్తకులు గమనించవలసినవి

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూసి వారం, సంవత్సరం చెప్పడం టైర్ల వ్యాపారులకు అలవాటే. 3224 అంటే 2024వ సంవత్సరం 32వ వారం. చాలా బుష్షుల మీద కూడా గడియారం ముఖం వంటి చిన్న అచ్చు ఉంటుంది. మధ్యలో సంవత్సరం, చుట్టూ నెలల గుర్తులు. ప్యాకెట్టు మీద నెల, సంవత్సరం ముద్రించాలన్నది 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల షరతు. అయితే ప్యాకెట్టు తేదీ కంటే రబ్బరు మీది అచ్చునే నమ్మడం క్షేమం. దిగుమతి సరకు ఇక్కడ తిరిగి ప్యాకింగు అయి ఉండవచ్చు.

గట్టిదనం కొలిచే షోర్ మీటరు జేబులో పట్టేంత ఉంటుంది. ఒకే నంబరు బుష్షులు కొత్త లాటు నుంచి ఒకటి, పాత లాటు నుంచి ఒకటి తీసి కొలిస్తే తేడా తెలిసిపోతుంది. ముందు వచ్చిన సరకు ముందు అమ్మడం, వేసవి రాకముందు నిల్వ తగ్గించుకోవడం, పెట్టెలను అటక మీద కాక నేల గదిలో ఉంచడం ఖర్చులేని పనులు.

తిరిగి వచ్చే సరకు విషయంలో ఒక మాట. ఆరు నెలలకే చిరిగిందని మెకానిక్ తెచ్చిన ప్రతి బుష్షూ నాసిరకం కాదు. బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, కిందకు దించగానే రబ్బరు మెలిపడి అలాగే నిలిచిపోతుంది. అతుకు రకం బుష్షులకు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే వేయాలి. ఈ మాట అమ్మేటప్పుడే చెప్పి పంపితే చాలా తగవులు తప్పుతాయి.

పాత ఖరీదైన కారు కొని అమ్మేవారు మీటరు అంకెతో పాటు బుష్షులు, బెలోలు, మౌంటింగులు ఎప్పుడు మార్చారో అడిగి, రసీదు చూసి, మార్చి ఉండకపోతే ఆ ఖర్చు మినహాయించుకుని ధర కట్టుకోవడం మేలు. వేరుశెనగ మూట దగ్గర అడిగే ప్రశ్ననే ఇక్కడ కూడా అడగాలి: ఇది ఏ ఏటి సరకు?